మంచం కోళ్ల పొంకం

అసలు పని

చేతివృత్తుల శిక్షణ కేంద్రాల్లో రూపకల్పన విభాగానికి కొత్తగా ఎంపికైన యువతీయువకులు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. ఉద్యోగంలో ఏం చేయాలో వారికి పై అధికారులు చెప్పే ఉంటారు. ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. నా పదోన్నతులు, బదిలీలు ఎవరికీ పనికిరావు కనుక వాటిని వదిలేస్తున్నాను.

నేను చదివింది భౌతికశాస్త్రం. ఎవరు ఏ మాట చెప్పినా "కొలిచి చూశారా?" అని అడగడం నాకు అలవాటు. తోటి ఉద్యోగులు దాన్ని జబ్బు అనేవారు. రెండు వేల దశకంలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలు నా పర్యటన కిందికి వచ్చేవి. అప్పటికి అవన్నీ ఒకే జిల్లా. ఆ ఊళ్లలో ఖరాదు పనివారికి కొత్త రూపాలు వెతికి ఇవ్వడం నా బాధ్యత. ఖరాదు అంటే, కర్రను రెండు మొనల మధ్య బిగించి గిరగిరా తిప్పుతూ, దానికి ఉలి ఆనించి గుండ్రంగా చెక్కే యంత్రం. మంచం కోళ్లు, ఊయల తొట్టెల కంబాలు, మెట్ల పక్క కటకటాల కడ్డీలు, అప్పడాల కర్రలు దానిమీద తయారయ్యేవి.

కోడు, అంటే మంచం కాలు, ఎక్కడ లావుగా ఉండాలి, ఎక్కడ సన్నబడాలి, పూసలాంటి ఉబ్బు ఎంత ఎత్తున రావాలి, దాని కింద పల్లం ఎంత లోతు దిగాలి? ఇవన్నీ కుదిరితే చూసినవారు "పొంకంగా ఉంది" అంటారు. కుదరకపోతే ఏమీ అనకుండా వెళ్లిపోతారు. ఆ వెళ్లిపోవడానికి కారణం కనిపెట్టడమే అసలు ఉద్యోగం. నేను కనిపెట్టాను. దానివల్ల ఒరిగింది ఏమిటో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

గోడమీది పటం

మా పై అధికారి నిజాయతీపరుడు, వేళకు వచ్చే మనిషి, మనసులో కల్మషం లేనివాడు. ఆయనకున్న లోపం ఒక్కటే. ఏదో సదస్సులో బంగారు నిష్పత్తి గురించి విని వచ్చాడు. పెద్ద భాగం చిన్న భాగానికి ఒకటిన్నర రెట్ల కన్నా కాస్త ఎక్కువ ఉండే ఒక ప్రత్యేకమైన నిష్పత్తి అది. దాన్ని పాటిస్తే ఏ వస్తువైనా అందంగా ఉంటుందని ఆయన నమ్మకం. పెద్ద పటం గీయించి శిక్షణ గదిలో తగిలించాడు. అందులో మంచం కోడు మెడ, అంటే అన్నిటికన్నా సన్నని చోటు, పైభాగంలో మంచం చట్రపు పట్టెలు దూరే చదరపు దిమ్మకు దగ్గరగా ఉండేది. కింది భాగం నున్నగా సన్నబడుతూ నేలకు దిగేది.

"ఇది ప్రకృతి నియమమమ్మా. శంఖం చూడు, పొద్దుతిరుగుడు పువ్వు చూడు," అన్నాడు నాతో.

"శంఖం మీద ఎవరూ పడుకోరు కదా సార్."

ఆయన గట్టిగా నవ్వాడు. పటం మాత్రం గోడమీదే ఉండిపోయింది. కొత్తవారికి నా సలహా ఇది: చెడ్డ అధికారిని ఎదిరించవచ్చు. మంచివాడైన అధికారి ఒక తప్పు సూత్రాన్ని ప్రేమిస్తే ఎదిరించడానికి మార్గం లేదు. కొలిచి చూపించడం ఒక్కటే మిగులుతుంది. అది చాలా నెమ్మదిగా సాగే పని.

కొలిచి చూస్తే

గద్వాలలో నేతపనివారి ఇళ్లకు వెళ్లాను. వనపర్తి చుట్టుపక్కల రైతుల ఇళ్లు, అచ్చంపేటలో కలప వ్యాపారుల ఇళ్లు తిరిగాను. పాత మంచాల కోళ్లను కొలిచాను. బంగారు నిష్పత్తి ఎక్కడా కనబడలేదు. కొన్నిటిలో దానికి దగ్గరగా కొన్ని కొలతలు వచ్చాయి కాని, ఎక్కడినుంచి ఎక్కడికి కొలవాలో మనమే నిర్ణయించుకుంటే ఏ నిష్పత్తినైనా దేనిలోనైనా చూపించవచ్చు. అటువంటి కొలతను నేను సాక్ష్యంగా ఒప్పుకోను.

మారకుండా ఉన్నవి వేరే ఉన్నాయి. కూర్చున్న మనిషి మోకాలికి సరిపడే ఎత్తు ఒకటి. పట్టెలు దూరే దిమ్మ ఒకటి. దాన్ని ఖరాదు పట్టకుండా చదరంగానే వదిలేయాలి, లేకపోతే బెజ్జం బలహీనపడుతుంది. ఈ రెండూ పోగా మిగిలిన కర్ర మాత్రమే పనివాడి చేతిలో ఉంటుంది. కనుక రూపం కోసం కాగితం ముందు కూర్చున్నప్పుడు అందంతో మొదలుపెట్టకండి. మార్చడానికి వీల్లేనిది ఏదో ముందు గీయండి. మిగిలిన చోటు ఎంత చిన్నదో అప్పుడు అర్థమవుతుంది. మంచి ఆలోచనలన్నీ ఆ చిన్న చోటునుంచే వస్తాయి.

పాత కోళ్లన్నిటిలో ఇంకొక పోలిక కూడా ఉంది. మెడ పైన లేదు. నేలకు దగ్గరగా, పాదానికి కాస్త ఎగువన ఉంది. దాని కింద పాదం గిన్నె బోర్లించినట్టు వెడల్పుగా విచ్చుకుని ఉంది. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేదు. నేను దానికి "అలవాటు" అని పేరు పెట్టి పక్కన పెట్టాను. కారణం తెలియని దానికి అలవాటు అని పేరు పెట్టడం మా శాఖలో పరిపాటి.

తర్వాత పరీక్ష పెట్టాను. వేరువేరు కొలతలతో కోళ్లు చేయించి, వాటిని బల్లమీద వరసగా నిలబెట్టి, సంతకు వచ్చినవారిని పిలిచి నచ్చినదాన్ని చూపించమన్నాను. ఎవరికి ఏది నచ్చిందో దానికి ఒక తీరూ తెన్నూ లేదు. ఒక పెద్దమనిషి అన్నిటికన్నా బరువైనదాన్ని చేతిలో ఆడించి, "గిది మంచిగున్నది. దొంగలొస్తే కొట్టనీకి పనికొస్తది," అన్నాడు. మనుషుల ఇష్టాలకు నియమం లేదని తేల్చేయబోయాను. పరీక్షలో ఏమీ తేలకపోతే తప్పు మనుషుల్లో ఉందనుకోవడం సులువు. తప్పు పరీక్షలో ఉందేమో చూడటం కష్టం. ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకుంటామంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

మోనాచారి ఖరాదు

ఆ కోళ్లు చేసి ఇచ్చినవాడు వనపర్తిలో వడ్లపని, అంటే వడ్రంగం, చేసే మోనాచారి. నేను ఎరిగిన ఖరాదు పనివారిలో చేయి తిరిగినవాడు. మా పటం ఆయనకు మొదటినుంచీ నచ్చలేదు.

"మేడం, మీ సారు కోడు లేడిపిల్ల కాలు లెక్కున్నది. చూడనీకి సక్కగనే ఉంటది. దానిమీద మా బావమరిది కూసుంటే ఏమైతదో జర ఆలోచన చెయ్యిండ్రి."

లోపలినుంచి ఆయన భార్య ఈశ్వరమ్మ అందుకుంది. "మా తమ్ముని సంగతి నీకెందుకు? వాడు మంచాల మీద కూసుంటలేడు. ఏసీల కూసుంటుండు."

తమ్ముడు గద్వాలలో స్టీలు కటకటాలు చేసే దుకాణం పెట్టాడు. ఇల్లు కట్టే ప్రతివాడూ మెట్లకు మెరిసే గొట్టాలే కావాలంటున్నాడు. చేతిపని తెలిసినవాడు తోడుంటే బాగుంటుందని బావను రమ్మని కబురుమీద కబురు పంపుతున్నాడు. మోనాచారి వెళ్లడం లేదు. వెళ్తే ఖరాదు మూతపడుతుంది. అది ఆయన తండ్రి కాలికింద తొక్కుడు చెక్కతో నడిపినది. మోనాచారి దానికి మోటారు బిగించుకున్నాడు. వెళ్లకపోతే ఆ ఖరాదుకు పని కావాలి. పని దొరకడానికి మిగిలిన దారి మా శాఖ ఒక్కటే. నగరంలోని అమ్మకపు శాలకు ఏటా మంచాలు తీసుకోవాలని శాఖ అనుకుంటోంది. ఎంపిక సంఘం ఒక రూపాన్ని ఒప్పుకుంటే అది మోనాచారికే వస్తుంది. ఆ రూపం కోసమే నేనూ ఆయనా తంటాలు పడుతున్నాం.

"మేడం, జర నిజం చెప్పుండ్రి. ఈ మంచం పాసైతదా, కాదా?" అని ఈశ్వరమ్మ నన్ను నిలదీసింది. "మా తమ్ముడు ఎన్నొద్దులని ఆగుతడు? దసరా తర్వాత వేరే మనిషిని పెట్టుకుంటనంటుండు."

"ఇప్పుడే చెప్పలేనమ్మా."

"సైన్సు చదివినోళ్లకు గూడ తెల్వదా?"

"తెలియనిదాన్ని తెలియదనడమే సైన్సు."

"గట్లయితే మేం గూడ సైన్సోళ్లమే," అంది ఆమె. మోనాచారి ఉలి పక్కన పెట్టి మరీ నవ్వాడు.

బాలమ్మ సంచి

ఆ రోజుల్లోనే గోపాల్‌పేట దగ్గరి పల్లెనుంచి బాలమ్మ అనే రైతు ఇల్లాలు మంచం కోసం వచ్చింది. కోడలు బాలింత. నడుము నొప్పి పోయేదాకా నేలమీద పడుకోనివ్వనని ఆమె పట్టుదల. మా పటం ప్రకారం చేసిన మంచం ఒకటి నవారు అల్లి సిద్ధంగా ఉంది. మోనాచారి దాన్ని చూపించాడు.

బాలమ్మ మంచం మీద కూర్చుని చూడలేదు. కోళ్లవైపు చూడనైనా లేదు. మంచాన్ని ఒక పక్కనుంచి లేపి, దుకాణం గోడకు నిలబెట్టింది. నవారు గోడవైపు, కోళ్లు మనవైపు. తర్వాత తన చేతిసంచిని పైనున్న కోడుకు తగిలించింది. సంచి నున్నటి కోడు మీద జారి కింద పడింది. ఆమె మళ్లీ తగిలించింది. మళ్లీ పడింది.

"ఏంది ఆచారీ, గుడ్డి కోడు చేసినవ్?"

"గుడ్డి కోడేంది అవ్వా? నున్నగ చేసిన."

"నున్నగ చేసినవ్ గని, సంచి నిలుస్తలేదు, రుమాలు నిలువదు. మొఖం చూడు, ఎట్లున్నదో! తెగ్గోసిన కట్టె లెక్క. ఇంట్లకు రాంగనే ఎదురుంగ ఇదే కనవడ్తది గద? మనిషిని చూస్తే మొఖం చూస్తమా, వీపు చూస్తమా?"

"మంచానికి మొఖమేంది అవ్వా?"

"ఇంగో, ఇదే మొఖం," అని ఆమె కోడు పాదం అడుగుమీద అరచేత్తో తట్టింది.

ఆమె మంచం తీసుకోకుండానే వెళ్లిపోయింది. మేమిద్దరం గోడకు నిలబడిన ఆ మంచాన్ని చూస్తూ ఉండిపోయాం. ఆ ప్రాంతపు ఇళ్లలో పగలు మంచం నేలమీద పరచి ఉండదు. తెల్లవారగానే ఎత్తి ఇంటి ముందరి పంచలో గోడకు నిలబెడతారు. కోళ్లు వాకిలివైపు చిలక్కొయ్యల్లా పొడుచుకు వస్తాయి. పైకోళ్లకు రుమాలు, సంచి, పిల్లల అంగీలు వేలాడతాయి. మెడ పాదానికి దగ్గరగా ఎందుకుందో, పాదం ఎందుకు విచ్చుకుందో అప్పుడు తెలిసింది. మెడలో సంచి తాడు కూర్చుంటుంది, పాదం దాన్ని జారనివ్వదు. ఇంటికి వచ్చినవారికి ముందుగా కనిపించేది కోడు పొడవు కాదు, పాదం అడుగున ఒకదానిలో ఒకటి అమరిన వలయాలు.

"నీ ఇంట్లో మంచం పగలు ఎట్లా ఉంటుంది ఆచారీ?" అని అడిగాను.

"గోడకే ఉంటది మేడం. నా రుమాలు దానికే ఏలాడ్తది." మళ్లీ తనే అన్నాడు: "పుట్టినకాన్నుంచి చూస్తున్న. ఒక్కనాడు గూడ చూడలే."

రెండో పరీక్ష

బాలమ్మ ఒక్క మనిషి. ఒక్క మనిషి మాటను సూత్రం చేస్తే, పటం గీయించిన అధికారికీ నాకూ తేడా ఉండదు. కనుక పరీక్ష మార్చాను. చెక్క పలకకు బెజ్జాలు పెట్టించి, కోళ్లను రొమ్ము ఎత్తున అడ్డంగా, పాదాలు చూసేవారివైపు వచ్చేలా బిగించాను. వరసను మాటిమాటికీ మార్చాను. ఎవరికీ కారణం చెప్పలేదు. ఈసారి ఇష్టాలు చెదిరిపోలేదు. పాదం విచ్చుకున్నవాటి చుట్టూనే చేరాయి. ఆ గదిలో నేనూ ఉన్నాను. నా ముఖం చూసి కొందరు గ్రహించి ఉండవచ్చు. కనుక నిరూపించానని అనను. మొదటి పరీక్షలో కనబడనిది రెండోదానిలో కనబడింది, అంతే.

తర్వాత పని చకచకా నడిచింది. నిలువు బొమ్మలు మానేసి, కోడును చూసే చోటునుంచి గీయడం నేర్చుకున్నాను. అందం అనేది వస్తువులో ఉండే నిష్పత్తి కాదు, వస్తువుకూ కంటికీ మధ్య ఉండే ఏర్పాటు అని నా అభిప్రాయం. తొట్టెల కంబం నేలమీద కూర్చున్న తల్లికి కనిపిస్తుంది, కనుక దాని ఉబ్బు కిందికి దిగాలి. మెట్ల కడ్డీని ఎక్కేవాడు కిందినుంచి, వరసగా చూస్తాడు. ఒక్కటి విడిగా బాగుండి, వరసలో గజిబిజిగా ఉండవచ్చు. రూపం సందేహంగా ఉంటే కర్రను తెల్లని గుడ్డ ముందు పెట్టి నీడబొమ్మ చూడండి. తలకిందులు చేసి చూడండి. సగం చేత్తో మూసి చూడండి. మూసినా లోటు తెలియకపోతే ఆ సగం అనవసరం.

మోనాచారి మద్ది కర్రమీద కొత్త కోడు చేశాడు. పైన దిమ్మ కింద ఒకే ఒక సన్నని పూస, తర్వాత పొడుగాటి నిండు వంపు, చివర లోతైన మెడ, విచ్చుకున్న పాదం. పాదం అడుగున వలయాలు చెక్కి, కర్ర తిరుగుతుండగానే లక్క కడ్డీ ఆనించాడు. రాపిడి వేడికి ఎర్రలక్క కరిగి గాళ్లలోకి పాకింది. దాన్ని నేలమీద నిలబెడితే ఆ పని ఏమీ కనిపించదు. అడ్డంగా పెడితే చూపు తిప్పుకోలేం. నా ఉద్యోగకాలంలో చేతిలో పట్టుకుని "ఇది సరిగ్గా ఉంది" అని సందేహం లేకుండా అనుకున్న వస్తువు అదొక్కటే.

కబురు పంపితే బాలమ్మ వచ్చి, ఆ కోళ్లతో చేసిన మొదటి మంచం తీసుకుంది. "ఇప్పుడు దీనికి మొఖమొచ్చింది," అంది. మోనాచారి గద్వాలకు రానని బావమరిదికి చెప్పేశాడు. నన్ను అడగకుండానే చెప్పాడు. అడిగి ఉంటే ఆగమనేదాన్నో లేదో నాకు తెలియదు.

సరైన ప్రశ్న

ఎంపిక సంఘం నగరంలో కూర్చుంది. అటువంటి కోళ్లతోనే చేయించిన ఇంకో మంచాన్ని తీసుకువెళ్లి, ఎలా చూడాలో నేనే చూపించాను. గోడకు నిలబెట్టి, పైకోడుకు సంచి తగిలించి, కొలతలు, పరీక్షలు వివరించాను. మా పై అధికారి ముందుకు వంగి పాదాన్ని వేలితో తడిమి, "పటం తీయించేస్తానమ్మా," అన్నాడు. అంత తేలిగ్గా తప్పు ఒప్పుకున్న అధికారిని నేను మళ్లీ చూడలేదు.

సంఘంలో అమ్మకపు శాల నడిపే ఒకావిడ ఉంది. ఆమె ఎగతాళి లేకుండా, నిజంగా తెలుసుకోవాలని ఒక ప్రశ్న అడిగింది. "ఇప్పుడు మంచాన్ని ఎవరు నిలబెడుతున్నారండీ?"

 పంచ లేని ఇళ్లు వస్తున్నాయి. పడకకు వేరే గది వస్తోంది. ఆ గదిలో పరుపు వేసిన పెట్టె మంచం పెడితే ఇల్లు మారేదాకా కదలదు. దాని కోళ్లు ఎవరికీ కనబడవు. నేను పల్లెల్లో పాత మంచాలనే కొలుస్తూ తిరిగాను. కొత్త ఇళ్లలోకి వెళ్లాల్సిన పని నాకు పడలేదు. ఏ చూపుకు పొంకం కుదిరిందో, ఆ చూపు నిలబడే చోటే ఇంట్లోంచి పోతోంది. ఆమె అడిగింది సరైన ప్రశ్న. తప్పు ప్రశ్న అయితే వాదించి ఉండేదాన్ని.

మంచం ఎంపిక కాలేదు.

వార్త చెప్పడానికి నేనే వనపర్తి వెళ్లాను. మోనాచారి మోటారు ఆపి విన్నాడు. ఈశ్వరమ్మ నాకు చాయ్ ఇచ్చి, "పోనీ, మీరేం చేస్తరు మేడం? కొలిచిండ్రు," అంది. ఆ మాటలో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే కొంత తేలికగా ఉండేది.

తర్వాత కొన్నాళ్లు ఒకటీ అరా మంచాలు పోయాయి. ఆ తర్వాత అవీ ఆగాయి. నాగర్‌కర్నూలునుంచి ఒకాయన ఖరాదు కొనడానికి వచ్చి మోటారు ఒక్కటే చాలన్నాడు. మిరపకాయల గిర్నీకి కావాలట. దిమ్మలు, మొనలు, తండ్రి వాడిన తొక్కుడు చెక్క అక్కడే మిగిలాయి. వాటిని ఎవరూ అడగలేదు.

గద్వాలలో

పదవీ విరమణకు కొంత ముందు గద్వాలలో వేరే పనిమీద ఉండి, మోనాచారిని చూడటానికి ఆ స్టీలు దుకాణానికి వెళ్లాను. బావమరిది మరో మనిషిని పెట్టుకున్నా, చివరికి బావకు కూడా చోటిచ్చాడు. మోనాచారి వెల్డింగు నల్లకళ్లద్దాలు నుదుటిమీదికి తోసుకుని లేచి, కుర్చీ తెచ్చి వేశాడు.

"ఎట్లున్నది ఆచారీ పని?"

"మంచిగనే ఉన్నది మేడం. కొలిచేది లేదు, చెక్కేది లేదు. కింద ఎంత లావో మీద గూడ అంతే లావు. కోసుడు, అంటువెట్టుడు. కన్నుమూసి చెయ్యొచ్చు."

అప్పుడే ఇటిక్యాలనుంచి ఒక యువరైతు వచ్చాడు. కొత్త ఇంటి మెట్లకు గొట్టాలు బేరం చేసుకున్నాడట. వాటిని తిప్పి తిప్పి చూసి అన్నాడు: "అన్నా, బోసిగున్నయి. జర డిజైన్ ఏమన్న పెట్టరాదు?"

"గుండు పెడ్త," అని మోనాచారి డబ్బాలోంచి ఒక స్టీలు గుండు తీసి చూపించాడు. గొట్టాన్ని గుచ్చుకుని కూర్చునే బోలు గుండు. "యాడ పెట్టాలె చెప్పు."

"నడుమ పెట్టు. సరిగ్గా నడుమ."

సరిగ్గా సగంలో ఉబ్బు పెడితే రూపం చచ్చిపోతుంది. కన్ను పైకీ పోదు, కిందికీ పోదు, అక్కడే ఆగిపోతుంది. పొంకం గురించి లోకంలో చెప్పే మాటల్లో చాలావాటిని నేను నమ్మను. కొలిచి, పరీక్షించి, నమ్మిన కొద్దిమాటల్లో ఇది ఒకటి. మోనాచారికి అది నాకన్నా ముందునుంచీ తెలుసు. కాస్త పైకి జరపమని చెబుదామని నోరు తెరిచాను.

ఆయన నావైపు చూడలేదు. టేపు చాచి, సగం చూసి, సుద్దతో గీత పెట్టాడు. ఆ గొట్టాన్ని పక్కకు జరిపి, ఇంకొకటి అందుకున్నాడు. దానికీ నడుమనే గీత పెట్టాడు.

"మస్తుంటదన్నా," అన్నాడు ఆ యువకుడు సంతోషంగా.